ఎనిమిది గంటల కొలతతో ఏడాదికి క్లీన్‌చిట్టా?

పొగగొట్టం నీడన బతికేవాళ్లు గాలిని ముక్కుతో కొలుస్తారు. అధికారులు కాగితంతో కొలుస్తారు. పటాన్‌చెరు-బొల్లారాన్ని దేశంలోని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో 2009లో చేర్చింది సాక్షాత్తూ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలే. అయినా ‘రాత్రయితే కండ్లు మండుతున్నయి సారూ’ అని మొరపెట్టుకున్న జనం ముఖాన కొట్టేది టెస్టు రిపోర్టునే. అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయట! ఆ రిపోర్టు ఎట్లా తయారవుతుందో మనం తెలుసుకోవాలె.

గొట్టానికి పైన ఒక రంధ్రం, దాని పక్కన మనిషి నిలబడే ప్లాట్‌ఫాం ఉంటాయి. రంధ్రంలోంచి సన్నని గొట్టం దూర్చి పొగను పంపుతో పీలుస్తారు. దుమ్ము ఫిల్టరుకు అంటుకుంటుంది. పాదరసం వంటి లోహాలు మంచులో పెట్టిన సీసాల్లోని ద్రావణంలో దిగుతాయి. డయాక్సిన్ల కోసం ప్రత్యేకమైన రెజిన్ పెడతారు. కిటుకు పీల్చే వేగంలోనే ఉంది. లోపల పొగ ఎంత వేగంతో పోతుందో అంతే వేగంతో పీల్చాలె. అంతకన్నా జోరుగా లాగితే బరువైన దుమ్ము కణాలు మలగలేక తిన్నగా పైకి పోతాయి, లెక్క తగ్గుతుంది. అతుకుల్లో సందు ఉండి బయటి గాలి కలిసినా అంతే. ఒక్క చోట పీలిస్తే చాలదు, గొట్టం అడ్డుకొలత పొడుగునా చాలా చోట్ల పీల్చాలె. నిచ్చెనెక్కి చూసేదెవరు?

ఆస్పత్రి చెత్త కాల్చే ఇన్సినరేటర్లనే తీసుకోండి. 2016 నిబంధనల ప్రకారం ఘనమీటరు పొగలో డయాక్సిన్లు, ఫ్యూరాన్లు 0.1 నానోగ్రాము దాటొద్దు. అంటే గ్రాములో వెయ్యి కోట్లవ వంతు. నిబంధన మంచిదే, మేం కాదనం. కానీ పరీక్ష ఏడాదికి ఒక్కసారే. నమూనా తీసేది ఎనిమిది గంటలు, లేదా ఐదు ఘనమీటర్ల పొగ, ఏది ఎక్కువైతే అది. ఏడాదిలో ఉన్నవేమో 8,760 గంటలు! డయాక్సిన్లు ఎక్కువగా పుట్టేది కొలిమి ముట్టించేటప్పుడు, ఆర్పేటప్పుడు, తడి చెత్త పడి వేడి తగ్గినప్పుడు. పరీక్ష రోజు మాత్రం కొలిమి కొత్త పెండ్లికొడుకులెక్క తయారై ఉంటుంది.

ఆన్‌లైన్ మీటర్లున్నాయి కదా అంటారు. 2014లో కేంద్ర మండలి 17 రకాల పరిశ్రమలకు వాటిని పెట్టమన్నది నిజమే. అవి దుమ్ము, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్ల వంటివి చూపిస్తాయి. డయాక్సిన్లు వాటికి కనపడవు.

అందుకే ప్రజలకు చెప్పకుండా, ఫ్యాక్టరీకి మాత్రం ముందే చెప్పి చేసే పరీక్షను మేం నమ్మం. ఆ రోజు ఎంత సరుకు కాల్చారు? కొలిమి వేడి ఎంత? లీకు పరీక్ష చేశారా? పొగలో ఆక్సిజన్ ఎంత ఉంది? ఇవన్నీ ఫీల్డు షీట్లలో రాసి ఉండాలె. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలోనే ఉంది. ఈసారి రిపోర్టు చివరి పేజీ కాదు, ఆ షీట్లు అడుగుదాం.