సూది మనదే, సర్టిఫికెట్ ఎవరిది?



ఈ మధ్య మన గ్రూపులో ఒకే రకం పోస్టర్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది. "మూడు రోజుల్లో మైక్రోబ్లేడింగ్, పర్మనెంట్ మేకప్ నేర్చుకోండి, ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ పొందండి" అని. కింద చెల్లెళ్లు "ఫీజు ఎంత అక్కా", "ఇంటర్ ఫెయిలైనా తీసుకుంటారా" అని అడుగుతున్నారు. మా హాస్టల్లో కూడా రాత్రిపూట అన్నం తిన్నాక ఇదే చర్చ. మేము డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాం, మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. ఉద్యోగం గురించి అడిగితే చెప్పేవాళ్లు ఇంట్లో లేరు కాబట్టి మాలో మేమే వెతికి, చదివి, అడిగి తెలుసుకున్నది రాస్తున్నాం. పొడుగైంది, ఓపిక చేసుకోండి.

ముందు అసలు పర్మనెంట్ మేకప్ అంటే ఏందో చూద్దాం. కనుబొమ్మలు పల్చగా ఉన్నవాళ్లకు వెంట్రుకల్లాంటి గీతలు గీసి రంగు ఎక్కిస్తారు. పెదవులకు, కంటి అంచుకు కూడా చేస్తారు. పేరు మేకప్ అయినా కడిగితే పోదు. సన్న సూదులతో చర్మం పైపొర దాటించి లోపల రంగు పెడతారు, అది ఏడాది, రెండేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. మన భాషలో దీనికి ఎప్పటినుంచో పేరుంది. పచ్చబొట్టు.

మన అమ్మమ్మల చేతులు, నుదుళ్లు, గడ్డాలు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. గోండు, కోయ, లంబాడ, ఎవరింట్లో చూసినా ఆ తరం ఆడవాళ్ల ఒంటిమీద చుక్కలు, గీతలు ఉంటాయి. చచ్చాక వెంట వచ్చేది అదొక్కటే అని వాళ్లు చెప్పేవాళ్లు. ఊరూరా తిరిగి ఆ బొట్లు పొడిచినవాళ్లలో మన ఎరుకల ఆడవాళ్లు ఉన్నారు. దీపం మసి, ఆకు పసరు, గుత్తిగా కట్టిన సూదులు, ఇంతే వాళ్ల సామాను. చర్మంలోకి ఎంత లోతు దిగాలో చేతికి తెలుసు. ఆ పనికి గింజలో, పాత చీరో ఇచ్చేవాళ్లు. తర్వాత మనలోనే చదువుకున్నవాళ్లకు ఆ బొట్లు నామోషీ అయ్యాయి. కాలేజీలో చేరాక ముంజేతి మీద బొట్టు కనపడకుండా ఫుల్ చేతుల జాకెట్ వేసుకున్న అక్కలు మాకు తెలుసు. ఇప్పుడు అదే పని ఏసీ గదిలో, తెల్ల కోటు వేసుకుని చేస్తే వేలల్లో ఫీజు.

కేంద్రం 2023 సెప్టెంబర్ 17న పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. 18 చేతివృత్తులకు శిక్షణ, శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000, తక్కువ వడ్డీకి అప్పు. ఆ 18లో క్షురక వృత్తి ఉంది, దర్జీ ఉంది, పూలదండలు కట్టేవాళ్లు ఉన్నారు, బుట్టలు అల్లేవాళ్లు ఉన్నారు. పచ్చబొట్టు లేదు. క్షురకులకు వచ్చింది కాబట్టి మాకు కోపం అని అనుకోవద్దు, వాళ్లకు రావాల్సిందే. మన సూదిపని మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు అని చెప్తున్నాం.

అయితే పాత రోజులే బంగారం అని కూడా మేము అనం. ఒకే సూదుల గుత్తితో ఊళ్లో పదిమందికి పొడిచేవాళ్లు. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి, మూడూ రక్తం ద్వారా పాకేవే. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట, ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. కంటికి కనపడనంత రక్తం చాలు. సూదిని వేడినీళ్లలో ముంచి తీస్తే సరిపోదు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో ఒత్తిడితో పెట్టాలి, లేదంటే ఒక మనిషికి ఒక సూది వాడి గట్టి డబ్బాలో పారేయాలి. చేసేవాళ్లకు కూడా అంతే ప్రమాదం, సూది జారితే గుచ్చుకునేది మన వేలికే. అందుకే హెపటైటిస్ బి టీకా మూడు డోసులు (మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది) వేసుకోవాలి. మూడు రోజుల కోర్సు పోస్టర్‌లో టీకా అనే మాట ఎక్కడైనా ఉందా? మాకైతే కనపడలేదు.

ఇక లైసెన్స్ సంగతి. మన దగ్గర నర్సుకు కౌన్సిల్ ఉంది, ఫార్మసిస్టుకు కౌన్సిల్ ఉంది, పేరు నమోదు లేకుండా పని చేయకూడదు. బ్యూటీషియన్‌కు, పర్మనెంట్ మేకప్ చేసేవాళ్లకు అట్లాంటి కౌన్సిల్ లేదు. పార్లర్ పెడితే మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్, షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. అవి కొట్టుకు ఇచ్చే కాగితాలు. సూది పట్టిన చేతికి పని వచ్చా రాదా అని అక్కడ ఎవరూ అడగరు.

రూల్ లేదు కదా, మనకే మంచిది, చదువు లేకపోయినా బతకొచ్చు అని మా రూమ్‌లోనే కొందరన్నారు. మాకు అట్లా అనిపించలేదు. పరీక్ష పెట్టేవాళ్లు లేనిచోట సర్టిఫికెట్ ఎవరైనా అచ్చేసుకోవచ్చు. మా హాస్టల్ నుంచి ఇద్దరు చెల్లెళ్లు పోయిన వేసవిలో ఒక అకాడమీలో చేరారు. ఒకరిది తునికాకు డబ్బు, ఇంకొకరిది పత్తి అమ్మిన డబ్బు. మొదటిరోజు వీడియోలు, రెండోరోజు రబ్బరు తోలు మీద గీతలు, మూడోరోజు ఒకే ఒక్క మనిషి మీద తలా ఒక కనుబొమ్మ. సాయంత్రం ఫొటో, దండ, సర్టిఫికెట్. తర్వాత ఆ కాగితం పట్టుకుని పట్నంలో ఒక పార్లర్‌కు పోతే, "ఆర్నెల్లు జీతం లేకుండా పనిచెయ్, అప్పుడు చూద్దాం" అన్నారట. రూల్ లేకపోవడం వల్ల బాగుపడింది అకాడమీ. డబ్బున్న ఇంటి పిల్ల అయితే ఇంకోచోట ఇంకో కోర్సు కొనుక్కుంటుంది. మనకు రెండోసారి కట్టే స్తోమత ఉండదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పోస్టర్ మీద ఐఎస్‌ఓ ముద్ర ఉంటే అది ప్రభుత్వ గుర్తింపు కాదు. ఆ ముద్ర సంస్థ నడిచే పద్ధతికి సంబంధించింది, మీకొచ్చే పనికి సంబంధించింది కాదు. "ఇంటర్నేషనల్" అనే మాట ఎవరైనా రాసుకోవచ్చు.

బయట దేశాల్లో ఎట్లా ఉందో కూడా చూశాం. అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో పద్ధతి. చర్మ సంరక్షణ పనికి, వాళ్లు ఎస్తెటీషియన్ అంటారు, కాలిఫోర్నియాలో 600 గంటలు, టెక్సస్‌లో 750 గంటలు చదవాలి, తర్వాత పరీక్ష. కానీ కాలిఫోర్నియాలో ఆ లైసెన్స్ ఉన్నంత మాత్రాన పర్మనెంట్ మేకప్ చేయనివ్వరు. అది పచ్చబొట్టు కిందే లెక్క. 18 ఏళ్లు నిండాలి, రక్తం ద్వారా వచ్చే జబ్బుల మీద శిక్షణ తీసుకోవాలి, హెపటైటిస్ బి టీకా సంగతి రాసివ్వాలి, స్థానిక ఆరోగ్య శాఖలో పేరు నమోదు చేయించుకోవాలి. మన అమ్మమ్మలు చేసిన పనీ ఇదీ ఒకటే అని అక్కడి చట్టమే ఒప్పుకున్నట్టు!

అదే అమెరికాలో రూల్ అతి చేస్తే ఏమవుతుందో కూడా ఉంది. టెక్సస్‌లో దారంతో కనుబొమ్మలు తీసేవాళ్లను, మన దేశం నుంచి పోయిన పనే అది, 750 గంటల కోర్సు చేస్తేనే చేయాలన్నారు. దారానికి సూది లేదు, రక్తం లేదు, మందు లేదు. కోర్సులో వందల గంటలు ఆ పనికి సంబంధం లేనివి. వాళ్లు కోర్టుకు పోయారు. 2015లో టెక్సస్ సుప్రీంకోర్టు ఆ షరతు చెల్లదని తీర్పిచ్చింది. ఈ కేసు చదివినాకే మాకు విషయం తేటపడింది. ప్రమాదం ఎక్కడుందో రూల్ అక్కడ ఉండాలి, అంతవరకే ఉండాలి.

అందుకే మా అభిప్రాయం ఇది. సూదితో చర్మంలో రంగు పెట్టే పనికి మన దగ్గర కూడా లైసెన్స్ రావాలి. దారానికి, ఫేషియల్‌కు, మెహందీకి వద్దు. లైసెన్స్ అనగానే మనవాళ్లకు భయం ఎందుకో మాకు తెలుసు. కుల సర్టిఫికెట్ కోసం ఎన్నిసార్లు తిరిగామో అందరికీ గుర్తే. ఇంకో కాగితం, ఇంకో ఆఫీసు, ఇంకో బ్రోకరు. అందుకని ఎట్లాంటి లైసెన్స్ కావాలో కూడా మనమే చెప్పాలి. పరీక్ష తెలుగులో ఉండాలి, రాసేదానికన్నా చేసి చూపించేది ఎక్కువ ఉండాలి. డిగ్రీ అడగొద్దు. టీకా, శుభ్రత శిక్షణ పీహెచ్‌సీలోనే ఉచితంగా ఇవ్వొచ్చు, అక్కడ నర్సక్కలకు సూదుల గురించి తెలిసినంత ఏ అకాడమీకీ తెలియదు. కౌశల్ వికాస్ యోజనలో ముందే పని వచ్చినవాళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది. ఇంకా పచ్చబొట్టు పొడిచే ఎరుకల అవ్వలు ఎక్కడున్నా వాళ్లకు అది వర్తింపజేయాలి. వాళ్లను మనకు నేర్పే టీచర్లుగా కూర్చోబెడితే ఇంకా మంచిది.

అది వచ్చేదాకా ఏం చేయాలని అడుగుతారు. ఐటీఐల్లో కాస్మెటాలజీ ట్రేడ్ ఉంది. పది పాసైతే చాలు, ఏడాది కోర్సు, చివర ఆలిండియా ట్రేడ్ టెస్ట్, జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్. తర్వాత అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండ్ కూడా ఉంటుంది. బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ వాళ్ల అసిస్టెంట్ బ్యూటీ థెరపిస్ట్, బ్యూటీ థెరపిస్ట్ కోర్సులు కూడా ప్రభుత్వ లెక్కలో ఉన్నవే. ముందు చర్మం, శుభ్రత, కస్టమర్‌తో మాట, ఇవన్నీ ఇక్కడ రావాలి. సూది ఆ తర్వాత. బొటాక్స్, ఫిల్లర్ లాంటి ఇంజెక్షన్ల జోలికి అసలు పోవద్దు, అది డాక్టర్ల పని.

అయినా ప్రైవేటులోనే చేరతామంటే డబ్బు కట్టకముందే అడగండి. ఎంతమంది మనుషుల మీద చేయిస్తారు? ఆటోక్లేవ్ చూపిస్తారా? సీసా మీద రంగు తయారీ వివరాలు ఉన్నాయా? అమెరికా ఎఫ్‌డీఏ చర్మంలోకి ఎక్కించడానికి ఏ రంగునూ ఇప్పటిదాకా ఆమోదించలేదు, యూరప్‌లో 2022 జనవరి నుంచి పచ్చబొట్టు రంగుల్లో వేల రసాయనాల మీద ఆంక్షలు పెట్టారు. మన దగ్గర వాడే సీసా సంగతి అడిగితే తప్పేముంది? ఇంకోటి. మన రంగు చర్మం మీద నేర్పుతారా అని తప్పకుండా అడగండి. వాళ్ల ఫొటోల్లో అందరూ తెల్లగా ఉంటారు. నల్లని చర్మం మీద గాయం మానినాక మచ్చ ఉబ్బడం ఎక్కువ, రంగు కూడా వేరేగా కనపడుతుంది. మన ఊళ్లో పార్లర్ పెడితే వచ్చేది మన అక్కచెల్లెళ్లే కదా.

"డిగ్రీ చదివి పార్లర్ పనా" అని కొందరు అన్నలు ఎగతాళి చేస్తున్నారు. వాళ్లతో వాదించే ఓపిక మాకు లేదు. మా చెల్లెళ్లు ఏ పని చేసినా దానికి విలువైన కాగితం, రోగం అంటని చేతులు ఉండాలన్నదే మా పట్టు.

సోమవారం గిరిజన దర్బార్‌లో పీఓ సార్‌కు ఇవ్వడానికి అర్జీ రాస్తున్నాం. మూడు అడుగుతున్నాం: ఏజెన్సీ ఐటీఐల్లో కాస్మెటాలజీ సీట్లు, ఆ ట్రేడ్‌లో చేరిన ప్రతి విద్యార్థికీ హెపటైటిస్ బి టీకా, పచ్చబొట్టు పొడిచే అవ్వల పేర్లు నమోదు చేయడం. మీ ఊళ్లో అట్లాంటి అవ్వ ఎవరైనా ఉంటే, ఆమెను అడిగి, ఆమె సరేనంటేనే పేరూ ఊరూ మాకు పంపండి. శనివారం రాత్రిలోగా పంపితే అర్జీలో చేరుస్తాం.