ఫరో కుమార్తె ఇస్తానన్న జీతం

ఏటా మే 12 దగ్గరపడగానే మన సంఘాల్లో నర్సులను ముందుకు పిలిచి ప్రార్థన చేస్తాం. శాలువా కప్పుతాం, గులాబీ పువ్వు ఇస్తాం. ఆ ఆదివారం ప్రసంగం చాలాచోట్ల నిర్గమకాండము మొదటి అధ్యాయం నుంచే ఉంటుంది. ఫరో ఆజ్ఞను లెక్కచేయక మగపిల్లలను బ్రతకనిచ్చిన మంత్రసానులు షిఫ్రా, పూయాల గురించి చెబుతాం. మంచిదే. కానీ ఒక్క అధ్యాయం ముందుకు వెళ్తే ఇంకో సంగతి ఉంది. నదిలో దొరికిన బిడ్డను పెంచమని అప్పగిస్తూ, ఆ పనికి జీతం ఇస్తానని ఫరో కుమార్తె తానే ముందుగా చెప్పింది. ఆమె అన్యురాలు. ఎదుట నిలబడినది బానిసలైన జనంలోని స్త్రీ. ఊరకే చేయమన్నా కాదనగలిగేది కాదు. అయినా బిడ్డతో పాటే జీతం మాట కూడా వచ్చింది. ఆ వచనం మీద నర్సుల ఆదివారం నాడు ప్రసంగం మేము ఇంతవరకు వినలేదు. మేము చేసిందీ లేదు.

ఇప్పుడు అది గుర్తుకు రావడానికి కారణం మా సంఘంలోని ఒక అమ్మాయి. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ ముగించి, రిజిస్ట్రేషన్ చేయించుకుని, నగరంలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. ఉద్యోగం వచ్చిందని కుటుంబం కృతజ్ఞతార్పణ తెచ్చింది. జీతం 14 వేలు. అందులో హాస్టల్‌కు, మెస్‌కు 4 వేలు పట్టుకున్నారు. మొదటి ఆరు నెలలు 'ట్రైనీ' అట, కాబట్టి పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. రెండేళ్లు మానకూడదని బాండు రాయించుకుని, అసలు సర్టిఫికెట్లు తమ బీరువాలో పెట్టుకున్నారు. డ్యూటీ ఐసీయూలో, అదీ ఎక్కువగా రాత్రులు. చదువు కోసం తండ్రి చేసిన అప్పుకు వడ్డీ కట్టాక మిగిలేది బస్సు ఛార్జీలకే. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె వచ్చి, "అయ్యగారూ, దశమభాగం 14 వేల మీద తీయాలా, చేతికొచ్చిన 10 వేల మీద తీయాలా?" అని అడిగింది. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము.

అదే చదువుకు ప్రభుత్వం కట్టిన వెల వేరు. తెలంగాణలో స్టాఫ్ నర్సు మూల వేతనం 36,750 రూపాయల దగ్గర మొదలవుతుంది. కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్‌కు 44,900. 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులు నియామక పత్రాలు అందుకున్నప్పుడు, వారిలో మన బిడ్డలనూ చూసి సంతోషించాం. కానీ ఆ తలుపు ఎప్పుడో ఒకసారి తెరుచుకుంటుంది. దళిత క్రైస్తవులుగా బీసీ-సీ కింద మనకున్నది ఒక్క శాతం. మిగిలినవారు వెళ్లేది ప్రైవేటు ఆసుపత్రులకే.

ఇదంతా ఎవరికీ తెలియని అన్యాయమా అంటే, కాదు. 2016 జనవరి నాటి సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ సిఫారసులు స్పష్టంగా ఉన్నాయి. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. 100 దాటితే పది శాతానికి మించి తగ్గించకూడదు, 50 నుంచి 100 లోపైతే 25 శాతానికి మించి తగ్గించకూడదు. 50 పడకల లోపు చిన్న ఆసుపత్రి అయినా 20 వేలకు తక్కువ ఇవ్వకూడదు. సెలవులు, పనివేళలు, వసతి కూడా ప్రభుత్వ నర్సుల మాదిరిగానే ఉండాలి. అంటే మా అమ్మాయికి ఇస్తున్నది ఆ కమిటీ అతి చిన్న నర్సింగ్ హోమ్‌కు చెప్పిన దానికన్నా తక్కువ. అమలు చేసే బాధ్యత రాష్ట్రాలకు వదిలారు. కేరళలో నర్సులు రోడ్డెక్కి పోరాడితే 2018 ఏప్రిల్‌లో కనీస వేతనం 20 వేలుగా నోటిఫికేషన్ వచ్చింది. మన సంఘాల్లోని నర్సుల జీతం చీటీల్లో ఆ సిఫారసుల జాడ మాకు కనబడలేదు.

మరి మానేసి వెళ్లిపోరెందుకు? అనుభవ పత్రం కోసం. గల్ఫ్‌లో ఉద్యోగానికి సాధారణంగా రెండేళ్ల అనుభవం అడుగుతారు. ఆ పత్రం మీద సంతకం పెట్టేది యాజమాన్యమే. కాబట్టి జీతంలో కోసుకున్నదాన్ని ఆ ఒక్క కాగితంతో చెల్లు వేసినట్టు మాట్లాడతారు. దానికి తోడు, సొంత నర్సింగ్ కాలేజీ ఉన్న ఆసుపత్రుల్లో విద్యార్థినులే వార్డుల్లో సగం పని మోస్తుంటే, కొత్తగా పాసైన నర్సుకు బేరమాడే బలం ఎక్కడిది? జీతం 21 వేలు దాటనివారికి ఉండాల్సిన ఈఎస్ఐని 'ట్రైనీ' అనే ఒక్క మాటతో ఎగ్గొడుతున్నారు. రాత్రంతా రోగుల మధ్య ఉండే మనిషి తనకు జ్వరం వస్తే సొంత డబ్బుతో చూపించుకోవాలి.

ఇక మన ఇంటి సంగతి. గుంటూరులో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచిన రోజుల్లో, పరాయివారి మలమూత్రాలు ఎత్తే పనికి పెద్ద కులాల ఇళ్లు తమ ఆడపిల్లలను పంపేవి కావు. మన సంఘాల నుంచి వచ్చిన అమ్మాయిలు, విధవరాళ్లు ఆ పని నేర్చుకున్నారు. అది మన ఘనత. కానీ ఆ పనిని 'పరిచర్య' అని పిలిచీ పిలిచీ, దానికి వెల కట్టడమే తప్పన్న భావాన్ని కూడా మనమే పెంచాం. కేరళలో సమ్మెలు జరిగిన ఆసుపత్రుల్లో సంఘాలు నడిపేవీ ఉన్నాయని మరువకూడదు. మన మిషన్ ఆసుపత్రుల్లో కూడా, జీతం గురించి అడిగిన నర్సుకు "ఇది దేవుని పని కదమ్మా" అన్న జవాబు రావడం మాకు తెలుసు. అదే ఆసుపత్రి స్కానింగ్ యంత్రం కొన్నప్పుడు కంపెనీవాడికి ఆ మాట చెప్పదు.

మిషన్ ఆసుపత్రుల ఇబ్బంది మాకు తెలియనిది కాదు. పేద రోగి దగ్గర ఎక్కువ తీసుకోలేవు. ఆరోగ్యశ్రీ బకాయిలు పేరుకుపోయి రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపిన సందర్భాలున్నాయి. విదేశీ సహాయం ఎప్పుడో తగ్గిపోయింది. అయితే లోటు వచ్చిన ప్రతిసారీ అది అందరికన్నా చిన్న జీతం మీదే ఎందుకు పడాలి? మంచి సమరయుడు గాయపడినవాణ్ణి సత్రానికి చేర్చి, చూసుకోమని చెప్పి వెళ్లిపోలేదు. రెండు దేనారములు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చి తీరుస్తానన్నాడు. సత్రంవాడి ఓపిక మీద అతడు తన దయను నడిపించలేదు.

ఆసుపత్రి బోర్డుల్లో కూర్చునేది మన పెద్దలే, మన బిషప్పులే. ఈ ఏడాది నర్సుల ఆదివారానికి ముందు వారు ఒక పని చేయవచ్చు. తమ ఆసుపత్రిలో కొత్త నర్సుకు ఇస్తున్న జీతం, పీఎఫ్, ఈఎస్ఐ, ప్రసూతి సెలవు వివరాలు ఒక కాగితం మీద రాసి సంఘం ముందు చదవవచ్చు. ఇవ్వలేకపోతే ఎంత ఇవ్వలేకపోతున్నారో చెప్పవచ్చు. శాలువాల డబ్బు కాదు గానీ, ఆ లోటు పూడ్చే కానుక సంఘం ఎత్తగలదు. అసలు సర్టిఫికెట్లు మాత్రం రేపే తిరిగి ఇచ్చేయవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి కూడా.

మా అమ్మాయి ప్రశ్నకు చివరికి, ముందు అప్పు తీర్చమ్మా అని చెప్పాము. ఆమె సర్టిఫికెట్లు ఇంకా ఆ ఆసుపత్రిలోనే ఉన్నాయి. వచ్చే సోమవారం మా సంఘ పెద్దలు ఇద్దరు ఆమె తండ్రిని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్తున్నారు.