అభియోగము – ఆత్మరక్షణ – పసివారి క్షేమము

కొన్ని నేరాల పేరు విన్నంతనే మనస్సు కలత చెందుతుంది. సెల్‌ఫోను ద్వారా పసివారిపై జరిగే లైంగిక నేరాలు అట్టివి. ఆ కలతలో మనం రెండు తప్పులు చేస్తున్నాము. పరువు పోతుందన్న భయంతో బాధితురాలి నోరు నొక్కడం మొదటిది. అభియోగం వినబడగానే విచారణ లేకుండా నిందితుణ్ణి దోషిగా తీర్మానించడం రెండవది. ఇవి పరస్పర విరుద్ధంగా కనిపించినా రెండింటికీ మూలం ఒక్కటే: నిజం తెలుసుకొనే ఓపిక లేకపోవడం.

2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని ప్రతి వ్యక్తీ బాలుడు లేక బాలికయే. అక్కడ ‘ఆమె అంగీకరించింది’ అన్న సమాధానం చెల్లదు. మన ఇంటర్మీడియట్ విద్యార్థులలో అధికులు ఈ వయస్సు లోపువారే కదా! డిగ్రీ చదివే యువకుడు పదిహేడేళ్ల బాలిక అశ్లీల చిత్రాన్ని వేడుకకై మిత్రునికి పంపినా, అది సమాచార సాంకేతిక చట్టం 67-బి సెక్షను క్రింద నేరమే. మొదటిసారి రుజువైతే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల రూపాయల వరకు జరిమానా. అట్టి వాటిని చూడడం, దాచుకోవడం నేరం కాదన్న మద్రాసు హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న కొట్టివేసింది. వాటిని బాలల అశ్లీల చిత్రాలని గాక, బాలలపై లైంగిక దోపిడికి, అత్యాచారానికి సంబంధించిన సామగ్రి అని వ్యవహరించాలన్నది. మాట మారితే చూపు మారుతుంది. అది వినోదం కాదు; ఒక బిడ్డ యాతన.

ఇక రెండవ వైపు చూద్దాం. పోక్సో చట్టం 29, 30 సెక్షన్లు కొన్ని నేరాలలో రుజువు భారాన్ని కొంతవరకు నిందితునిపైకి మళ్లించాయి. అయినా మూల విషయాలను ముందుగా ప్రాసిక్యూషనే నిరూపించాలని పలు హైకోర్టులు చెప్పాయి. ఇంత బరువు మోయవలసిన వానికి న్యాయవాది అవసరం మరింత ఎక్కువ. “అట్టి వానికి వకీలు ఎందుకు?” అని అడిగేవారున్నారు. అట్టివాడో కాదో తేల్చడానికే! అరెస్టయిన వానికి తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కును రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చింది. నిర్బంధంలో ఉన్నవారు 1987 నాటి చట్టం ప్రకారం ఉచిత న్యాయసహాయానికి అర్హులు.

ఒక్క ఫోనును ఇంటిల్లిపాదీ వాడే కుటుంబాలు మనలో ఎన్ని లేవు? వాట్సాప్‌లో ఎవరో పంపినది తనంతట తానే ఫోనులో చేరవచ్చు. ఒకరి పేరున మరొకరు ఖాతా తెరవవచ్చు. అందుకే 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి హాష్ విలువ పేర్కొన్న ధ్రువపత్రాన్ని కోరుతుంది. హాష్ విలువ వేలిముద్ర వంటిది. ఫైలులో ఏ చిన్న మార్పు జరిగినా అది మారిపోతుంది. ఈ కట్టుదిట్టం నిర్దోషిని కాపాడుతుంది. దోషి తప్పించుకొనే కంతలను కూడ మూస్తుంది. తొందరపాటుతో పాడైన సాక్ష్యం వల్ల చివరకు నష్టపోయేది బిడ్డయే.

వార్త వచ్చినప్పుడు నిజానిజాలు విచారించుకోండని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ అధ్యాయం ఆదేశిస్తుంది. విన్నంతనే తొందరపడవద్దన్నది మన సుమతీ శతకకారుని నీతి కూడ. ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన ప్రాంగణానికి ఇంతకన్న తగిన పాఠం ఏమున్నది?

కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. ఇట్టి నేరం జరిగినట్లు తెలిస్తే పోలీసులకు తెలియజేయడం 19వ సెక్షను ప్రకారం విధి. తన క్రింది ఉద్యోగి విషయంలో సంస్థాధిపతి దానిని దాచితే ఏడాది వరకు జైలుశిక్ష ఉన్నది. కనుక నాలుగు గోడల మధ్య రాజీలు వలదు. 1098 నంబరును నోటీసు బోర్డుపై ఉభయ భాషలలో వ్రాయించండి. ఏటా ఒక న్యాయవాదిచే ఉపన్యాసం ఏర్పాటు చేయండి.

విద్యార్థులారా! అట్టి చిత్రం మీకు వస్తే మరొకరికి పంపకండి; పెద్దలకు, పోలీసులకు తెలియజేయండి. బాధితురాలి పేరునుగాని, నిందితుని మీద తీర్పునుగాని ఫోనులలో ప్రచారం చేయకండి. బిడ్డ మాట ఆలకించడం, నిందితుని మాట ఆలకించడం – ఈ రెండూ కలిసినప్పుడే అది న్యాయం అనిపించుకుంటుంది.