తీరిక వేళ: గార్డు వ్యాను లోపల ఏముంది?

సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టడానికని పిల్లలు అట్టతో గూడ్సు బండి చేశారట. చూడవచ్చిన తాతగారు ఇంజనునూ వేగన్లనూ వదిలిపెట్టి, చిట్టచివరి గార్డు వ్యాను దగ్గర చతికిలబడి, కిటికీలోంచి తొంగి చూసి, "లోపల బొత్తిగా ఖాళీగా ఉందేమర్రా?" అన్నారట. ఆ తాతగారు ఒకప్పుడు గూడ్సు గార్డు. కొవ్వూరు నుంచి ఒక పాఠకురాలు ఇదంతా రాసి, లోపల ఏమేం పెట్టాలో చెప్పమని అడుగుతున్నారు. మామగారిని అడిగితే, "ఏముంటుందమ్మా, ఒక బల్ల" అని నవ్వి ఊరుకుంటున్నారట.

మంచి ప్రశ్న. రైలు బొమ్మలు చేసేవాళ్ళలో చాలామంది ఓపికంతా పైరంగుకూ చక్రాలకూ సరిపోతుంది. ప్రయాణీకుల పెట్టె లోపల ఖాళీగా ఉంటే తప్పులేదు. ఏ అర్ధరాత్రో ఖాళీ బండి షెడ్డుకు పోతున్నదనుకోవచ్చును. పని బండ్ల సంగతి అట్లా కాదు. గార్డు వ్యాను, పట్టాల మరమ్మతు మనుషులు కాపురముండే క్యాంపు కోచి, ప్రమాదమైనప్పుడు పరుగెత్తే రిలీఫ్ బండి, వీటిని కట్టించిందే లోపల జరిగే పని కోసం. లోపల ఏమీ లేకపోతే అది చక్రాలమీది డబ్బా.

ముందుగా మీ బండి ఏ సంవత్సరానిదో తేల్చుకోండి. రాజమండ్రి, కొవ్వూరుల మధ్య గోదావరి మీద ఇందుకు మంచి గుర్తులున్నాయి. 56 ఖానాల పాత వంతెన 1900లో తయారైంది. అప్పటి మద్రాసు గవర్నరు హేవ్‌లాక్ పేరు పెట్టారు. దానిమీద ఉన్నది ఒకే లైను. 1974లో రోడ్డూ రైలూ కలిసిన వంతెన వచ్చింది. 1997లో కమానుల వంతెన వచ్చాక పాతదానిమీద రైళ్ళు నిలిపివేశారు. మీ గూడ్సు బండి పాత వంతెన మీద పొగబండి వెనక పోతున్నదా, గార్డు చేతిలో కిరసనాయిలు దీపం ఉండాలి. కమానుల వంతెన మీద ఎలక్ట్రిక్ ఇంజను వెనక పోతున్నదా, బ్యాటరీ దీపమూ, వాకీటాకీ ఉండాలి. 1960 నాటి వ్యానులో వాకీటాకీ పెడితే తాతగారు ఊరుకోరు.

ఇక కొలత. రైలు బొమ్మలలో ఎక్కువ వాడుకలో ఉన్నది హెచ్.ఓ. అనే కొలత. అసలు వస్తువులో 87వ వంతు. మన పద్ధతిలో చెప్పాలంటే అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లు. ఒక తమాషా చూడండి. మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య ఎడం 5 అడుగుల 6 అంగుళాలు. ఓ మాదిరి మనిషి పొడుగు కూడా అంతే! ఈ కొలతలో రెండూ 19 మిల్లీమీటర్ల చిల్లర. మీ బొమ్మ గార్డును పట్టాలకు అడ్డంగా పడుకోబెడితే (పాపం, నిజంగా కాదు) అటు తల, ఇటు పాదాలు ఆనాలి. బజారులో దొరికే హెచ్.ఓ. పట్టాలు పరదేశపు గేజివి. వాటి ఎడం 16½ మిల్లీమీటర్లే. బండి నడిపేవాళ్ళు వాటితోనే సర్దుకుంటారు. కొలువులో ఊరికే నిలబెట్టే బండి అయితే మీ పట్టాలు మీరే 19 మిల్లీమీటర్ల ఎడంతో వేసుకోండి. మన బండి మన బండిలా కనిపించడానికి సగం కారణం ఆ వెడల్పే.

లోపలి సామానుకు బజారు తిరగనక్కరలేదు. వంటింటి పోపులపెట్టె చాలును. ఆవగింజ ఈ కొలతలో చెంబంత ఉంటుంది. గసగసాల గింజ చిన్న గ్లాసు. పెసరగింజ మూలకు చేరేస్తే మంచినీళ్ళ కుండ. మెంతిగింజ అడుగు పైచిలుకు పొడుగున్న మూట. గుండుసూది తలను లాంతరు చేద్దామని అందరికీ తోస్తుంది గాని దానికి పక్కన చట్రం కట్టాలి. చట్రం లేకపోతే లడ్డూలా ఉంటుంది. కొబ్బరి ఈనెను చీల్చితే కడ్డీలూ పిడులూ వస్తాయి. బల్లకూ పెట్టెకూ పాత శుభలేఖ అట్టను మించినది లేదు. పెళ్ళి బాసికాలు కట్టే జీలుగు బెండు ముక్క దొరికితే బ్లేడుతో పలచగా కోసి మెత్త చేయవచ్చును. గింజలకు మాత్రం రంగో వార్నిషో పూయండి. లేకపోతే వచ్చే సంక్రాంతికి మీ గార్డు చెంబులో పురుగు ఉంటుంది.

ఇంతవరకూ సులువు. ఏది ఎక్కడ పెట్టాలన్నదే అసలు సంగతి. అది తెలియాలంటే "లోపల ఏముండేది?" అని అడిగితే లాభం లేదు. అలా అడిగితే ఎవరైనా "ఒక బల్ల" అనే అంటారు. "బండి దారిలో ఆగిపోతే మీరేం చేసేవారు?" అని అడగండి. అప్పుడు చూడండి!

గూడ్సు బండి రాత్రివేళ చాగల్లు దాటి ఎక్కడో ఆగిపోయిందనుకోండి. ఎందుకు ఆగిందో, ఎంతసేపు ఆగుతుందో తెలియదు. వెనకనుంచి మరో బండి వచ్చి గుద్దకుండా చూడవలసిన పూచీ గార్డుది. ముందు చేతి బ్రేకు బిగించాలి. అందుకని బ్రేకు తిప్పే పిడి అతనికి అందుబాటులో ఉండాలి. మెలి తిప్పే జాగా చుట్టూ ఖాళీగా ఉండాలి. అక్కడ మూట పెట్టకండి. తరువాత దీపం అందుకోవాలి. అది పెట్టె అడుగున కాదు, తలుపు పక్కన చేతికి తగిలేచోట ఉండాలి. తరువాత డిటొనేటర్లు. ఇవి పట్టామీద రేకుబద్దతో బిగించే గుండ్రని పటాసులు. చక్రం కింద పడగానే ఢామ్మని పేలి, వచ్చే డ్రైవరును హెచ్చరిస్తాయి. ఇప్పటి నిబంధన ప్రకారం బ్రాడ్‌గేజి మీద ఆగిన బండికి 600 మీటర్ల వెనక ఒకటి, 1,200 మీటర్ల వెనక పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. చీకట్లో, కంకర మీద, ఒంటిగా, పోను 1,200, రాను 1,200 మీటర్లు! మీ బొమ్మ లోకంలో ఆ 1,200 మీటర్లూ దాదాపు 14 మీటర్లవుతుంది. కొలువు గదిలోంచి బయలుదేరితే వీధి గుమ్మం దాటిపోతుంది. పిల్లలచేత ఒకసారి టేపుతో కొలిపించండి. తాతగారి ఉద్యోగం ఎంతటిదో లెక్కల మేష్టరు చెప్పకుండానే బోధపడుతుంది.

ఈ పటాసుల డబ్బా, ఎర్రజెండా, పచ్చజెండా, నిబంధనల పుస్తకం, వేళల పుస్తకం, ప్రథమ చికిత్స పెట్టె మొదలైనవన్నీ గార్డు వెంట వచ్చే పెట్టెలో ఉంటాయి. దీన్ని లైను బాక్సు అంటారు. స్టేషనులో దాన్ని ఎక్కించి దింపడానికి బాక్సు బాయ్‌లని మనుషులుండేవారు. పెట్టె రెండడుగుల పొడుగు అనుకుంటే మీకు 7 మిల్లీమీటర్లు. దానిమీద గార్డు పేరు తెల్లరంగుతో రాయడం కొందరికి సరదా. అంత చిన్న అక్షరాలు ఎట్లాగూ చదవలేము గనక రెండు తెల్ల గీతలు చాలు. మూత కొంచెం తెరిచి ఉంచి, ఎర్ర దారప్పోగు ఒకటి బయటికి కనపడనిస్తే జెండా అయిపోయింది.

పక్కన పుస్తకం మరిచిపోకండి. గార్డు బండిలో కూర్చుని కునుకు తీస్తాడని ఊరివాళ్ళు అనుకుంటారు గాని, స్టేషను వచ్చిన వేళ, వదిలిన వేళ, ఆగిన కారణం, అన్నీ రాసుకుంటూ పోవలసినవాడు అతడే. గడియారం ఒకటి, పెన్సిలు ఒకటి. ప్రతి స్టేషను దగ్గరా బయటికి చూసి, అన్నీ సరిగ్గా ఉన్నట్టు సంజ్ఞ ఇచ్చుకోవాలి. అంచేత కుర్చీ కిటికీకి దగ్గరగా ఉండాలి, అద్దం ఒకవైపు దించి ఉండాలి. గోడమీద గడియారంలాంటి మీటరు ఒకటుంటుంది. బ్రేకు గొట్టంలో బలం ఎంత ఉన్నదో అది చెబుతుంది. పాత బండిలో వాక్యూమ్, కొత్త బండిలో గాలి ఒత్తిడి. పంచింగు మిషనుతో కొట్టిన తెల్లకాగితపు చుక్క అయితే మరీ పెద్దది. సూదితో చిల్లు పొడిచి, ఊడివచ్చిన చుక్క అతికించండి.

బల్లమీద నిలబెట్టి ఏదీ పెట్టకండి. ఇది ముఖ్యం. వేగన్ల మధ్య కొక్కేల సందు ఉంటుంది గదా, ఇంజను లాగినప్పుడల్లా ఆ కుదుపు ఒక్కొక్క వేగనూ దాటుకుంటూ వచ్చి చివరికి గార్డు వ్యాను దగ్గర గట్టిగా తగులుతుంది. నాలుగు చక్రాల పాత వ్యానులో ఐతే మరీను. బల్లమీది చెంబు రెండో స్టేషనుదాకా నిలవదు. అంచేత కుండ నేలమీద మూలకు, సంచి మేకుకు, అన్నపు కారియరు పెట్టెకూ గోడకూ మధ్య ఇరికించి. గార్డు కూడా వీపు గోడకు ఆనించుకునే కూర్చుంటాడు. బొమ్మ మనిషిని నిటారుగా గది మధ్య నిలబెట్టారా, ఆ మనిషి ఏనాడూ గూడ్సు బండి ఎక్కలేదని తెలిసినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

ఇంకొక మాట. ముచ్చటపడి పంకా, పరుపు, విద్యుద్దీపం పెట్టకండి. మన గూడ్సు వ్యానులు చాలావాటిలో చాలాకాలం దీపం లేదు, పంకా లేదు, మరుగుదొడ్డి లేదు. గంటల తరబడి ఏ అడవి స్టేషనులోనో సైడింగులో పడి ఉన్నా అదే గది. లేని సుఖం బొమ్మలోనైనా ఇవ్వడం దయ అనిపిస్తుంది గాని, నా ఉద్దేశంలో అది ఆ మనిషి పడ్డ కష్టాన్ని చెరిపివేయడమే. ఉన్నది ఉన్నట్టు చేయండి. నేల చెక్కమీద, కుర్చీనుంచి తలుపుదాకా రంగు కొంచెం గీకి అరగదీయండి. బ్రేకు పిడిమీద చెయ్యి పడేచోట పెన్సిలు ముక్కుతో రుద్దితే ఇనుము మెరుస్తుంది. నాకు తెలిసినంతలో మొత్తం బొమ్మకు ప్రాణం పోసేవి ఈ రెండు మరకలే.

వెలుపల వెనకవైపు ఎల్.వి. అనే చిన్న పలక, రాత్రయితే ఎర్రదీపం తగిలించండి. బండి పూర్తిగా వచ్చిందా, దారిలో నాలుగు వేగన్లు తెగి మిగిలిపోయాయా అన్నది స్టేషనులోవాళ్ళు ఆ గుర్తు చూసే తెలుసుకుంటారు.

చూసి కొలవాలనుకుంటే ప్లాట్‌ఫారం మీదనుంచే చూడండి. యార్డులో దిగి పట్టాలు దాటడం నేరమూ, ప్రాణాపాయమూను. ఢిల్లీలో 1977 నుంచి ఉన్న జాతీయ రైలు మ్యూజియమూ, పూనాలో జోషీగారు నెలకొల్పిన చిన్న రైళ్ళ మ్యూజియమూ ప్రయాణంలో తగిలితే వదలకండి. కాని వాటికంటె దగ్గరది మీ వీధిలోని పింఛనుదారే. 2022లో గార్డు అనే పేరే తీసివేసి "ట్రైన్ మేనేజరు" అన్నారు. వ్యాను బదులు చివరి వేగనుకు ఒక యంత్రం తగిలించి గూడ్సు బండి నడిపే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. బండి పైభాగానికి ఫోటోలు ఎన్నైనా ఉన్నాయి. లోపలిదాన్ని ఎవరు తీశారు? చూసినవాళ్ళ తలల్లో ఉన్నది, అంతే. కొవ్వూరు సోదరీ, ఆలస్యం చేయకండి. సాయంత్రం కాఫీ ఇచ్చి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి, పైన చెప్పిన ప్రశ్నతో మొదలుపెట్టండి. బల్ల ఏ గోడకు ఉండేదో, లోపలి రంగేమిటో, కారియరులో ఏం తీసుకుపోయేవారో పిల్లలే రాసుకుంటారు.

ఒక చిట్కా చెప్పి ముగిస్తాను. లోపల వేసే రంగు అసలుకంటె ఒక పాలు తేలికగా వేయండి. చిన్న కిటికీల్లోంచి చూసేటప్పుడు ముదురు రంగు చీకటిగా కనిపిస్తుంది. కిటికీలకు కొత్త చొక్కా డబ్బా మీది పారదర్శకపు కాగితం బాగుంటుంది. పైకప్పు జిగురుతో అంటించవద్దు. లోపలివైపు రెండు అట్టముక్కలు అతికించి, డబ్బా మూతలా బిగిసి కూర్చునేటట్టు చేయండి. కొలువు చూడవచ్చిన పేరంటాళ్ళు తీసి చూపించమంటారు.

వచ్చేవారం క్యాంపు కోచి సంగతి. అందులో ఒక వంటిల్లుంది, దండెం మీద బట్టలున్నాయి. పోపులపెట్టె దగ్గరే ఉంచుకోండి.