సాంచె అమ్మి అట్టలు దాచుకుంటారా?

ఈ వ్యాసంలో నేను ఒకే ఒక్క మాట కోసం వాదిస్తాను. డబ్బులు పెట్టి కొన్న వస్తువు ఎట్లా పని చేస్తుందో తెలుసుకునే హక్కు కొన్నవాళ్లకు ఉండాలి. ఆ హక్కు ఇవ్వని కంపెనీది తప్పు. "మనకెందుకు లే" అని ఊరుకుంటే మనది కూడా తప్పే.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా నాయిన నాగావ్‌లో సాంచాల మీద పని చేస్తాడు. అక్క చదువు కోసం, నా చదువు కోసం చిన్నాయిన ముంబై లామింగ్టన్ రోడ్డుకు పోయి 6,500 రూపాయలకు ఒక పాత లాప్‌టాప్ తెచ్చిండు. దాంట్లో విండోస్ 10 ఉండేది. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 మా పాత మిషన్‌కు ఎక్కదు. అందుకని కాలేజీ చదివే పక్కింటి అన్న దగ్గర పెన్ డ్రైవ్ తీసుకొని నేనే లినక్స్ వేసిన. తెర బాగుంది, సౌండ్ బాగుంది, తెలుగు అక్షరాలు కూడా చక్కగా వచ్చినయి. వైఫై ఒక్కటే రాలేదు.

అక్క స్కాలర్‌షిప్ ఫారం నింపడానికి అప్పటికి 4 రోజులే ఉంది. లాప్‌టాప్ పట్టుకొని ఒక దుకాణానికి పోయినం. ఆయన కనీసం మూత కూడా తెరవలేదు. "లినక్స్ మీకెందుకు? విండోస్ కాపీ వేసిస్తా, 500 ఇవ్వండి. లేకుంటే కొత్త మిషన్ కొనుక్కోండి" అన్నడు. ఆ కాపీకి బిల్లు ఉంటదా అని అడిగితే నవ్విండు.

ఇంటికొచ్చి ఈ మాట చెప్తే నాయిన ఒక్కటే అడిగిండు: "సాంచె ఆగితే పారేస్తమా బిడ్డా? జాపర్‌ను పిలిచి, ఏడ ఆగిందో చూస్తం గదా."

అందుకే నేను చూసిన. వైఫై రాకపోతే మీరు కూడా ఇదే వరుసలో చూడండి. లినక్స్‌లో టెర్మినల్ అనే నల్ల కిటికీ ఉంటుంది. అందులో ఆర్‌ఎఫ్‌కిల్ అనే ఆదేశం ఇస్తే వైఫై స్విచ్ ఆపి ఉందా లేదా చెప్తుంది. మాది ఆపి లేదు. తర్వాత ఎల్‌ఎస్‌పిసిఐ అనే ఆదేశం. అది లాప్‌టాప్ లోపల ఉన్న కార్డుల పేర్లు, వాటి నంబర్లు చూపిస్తుంది. మా వైఫై కార్డు పేరు కూడా అందులో వచ్చింది. అంటే కార్డు చెడిపోలేదు, కనబడుతూనే ఉంది. మూడోది డీమెసేజ్. మిషన్ ఆన్ అయినప్పటి నుంచి ఏమేం జరిగిందో అందులో రాసి ఉంటుంది. అక్కడ దొరికింది అసలు సంగతి: "ఫర్మ్‌వేర్ ఫైలు లేదు."

డ్రైవర్ అంటే కార్డును నడిపే ప్రోగ్రాం. అది లినక్స్‌లో ముందే ఉంది. ఫర్మ్‌వేర్ అంటే ఆ కార్డు లోపలికి ఎక్కించే ప్రోగ్రాం. మన భాషలో చెప్పాలంటే కార్డు సాంచె, డ్రైవర్ సాంచె నడిపే మనిషి, ఫర్మ్‌వేర్ జకార్డ్ అట్టలు. సాంచె ఉంది, నడిపే మనిషి ఉన్నడు, అట్టలు లేవు. ఇక పువ్వు ఎట్లా పడుతుంది?

ఆ ఫైలు లినక్స్‌లో ఎందుకు లేదు? లినక్స్ చేసినవాళ్లు మరిచిపోయారా? కాదు. మా కార్డు చేసిన కంపెనీ ఆ ఫైలును వేరేవాళ్లు పంచడానికి అనుమతి ఇవ్వలేదు. అందుకని కొందరు స్వచ్ఛందంగా ఒక చిన్న ప్రోగ్రాం రాసి పెట్టారు. అది కంపెనీ పెట్టిన పెద్ద డ్రైవర్ ఫైలును నెట్ నుంచి దించుకొని, మనకు కావలసిన ముక్కను అందులోంచి కోసి తీస్తుంది. కానీ దించుకోవడానికి నెట్ కావాలి. నెట్ కావాలంటే వైఫై రావాలి. వైఫై రావాలంటే ఆ ఫైలు కావాలి! చివరికి నాయిన ఫోన్‌ను వైరుతో లాప్‌టాప్‌కు పెట్టి, ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే ఫోన్ నెట్ లాప్‌టాప్‌కు వచ్చింది. ఫైలు దిగింది. మిషన్ ఆపి మళ్లీ పెడితే వైఫై గుర్తు కనబడింది. రెండో రోజు రాత్రికి అక్క ఫారం నింపింది. ఖర్చు సున్నా.

"పని అయింది కదా, ఇంకా కోపం ఎందుకు?" అని మీరు అడగవచ్చు. 6,500 ఇచ్చి కొన్న వస్తువులో ఒక ముక్క కోసం రెండు రాత్రులు దొంగల్లాగ వెతకవలసి వచ్చింది, అందుకే కోపం.

ఈ గొడవ కొత్తది కాదు. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటర్ వచ్చింది. కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు వెళ్లేలా దాని ప్రోగ్రాంను మారుద్దామని రిచర్డ్ స్టాల్‌మన్ అనుకున్నాడు. ఆ ప్రోగ్రాం రాత ఆయనకు ఇవ్వలేదు. అట్లాంటి అనుభవాల నుంచే 1983లో ఆయన గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పని ప్రకటించాడు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ దానితో కలిసింది. ఈ రోజు నా లాప్‌టాప్ నడుస్తున్నది ఆ కోపం వల్లనే.

కంపెనీల తరఫున రెండు మాటలు చెప్తారు. ఒకటి, "అది మా వ్యాపార రహస్యం." రెండు, "వైఫై అంటే రేడియో. ఎంత పవర్‌తో పంపాలో చట్టం ఉంది. అందరికీ ఇస్తే చెడగొడతారు." రెండో మాటలో కొంత న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. చట్టం పవర్‌కు హద్దు పెడుతుంది నిజమే. కానీ ఫైలు పంచుకోవద్దని ఆ హద్దు చెప్పదు కదా! అథెరోస్ అనే కంపెనీ 2008లో తన వైఫై కార్డుల కోసం ఏథ్9కే అనే డ్రైవర్‌ను అందరూ చదివేలా విడుదల చేసింది. ఒక కంపెనీకి సాధ్యమైనది మిగతావాళ్లకు ఎందుకు సాధ్యం కాదు?

ఇంకా ఘోరం ఏమిటంటే, కొన్ని లాప్‌టాప్‌లలో కంపెనీ జాబితాలో లేని వైఫై కార్డు పెడితే మిషన్ మొదలే కాదు. వేరే దుకాణంలో కొన్న నాడె పెడితే సాంచె ఆగిపోయేలా చేసినట్టు! భివండీలో ఎవరన్నా అట్లాంటి సాంచె కొంటారా?

జకార్డ్ అట్టలు ఫ్రాన్స్‌లో 1804 నాటివి. రంధ్రాలు కొట్టిన ఆ అట్టల నుంచే తర్వాత కంప్యూటర్లకు పంచ్ కార్డులు వచ్చాయని పుస్తకాల్లో ఉంటుంది. మా తాత కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన నేతగాడు. అట్టను వెలుగుకు పట్టి, రంధ్రాలు చూసి ఏ పువ్వు పడుతుందో చెప్పేవాడట. ఆయన పెద్దగా చదువుకోలేదు. అయినా ఆయన మిషన్ ఆయనకు అర్థమయ్యేది. పదో తరగతి చదివే నాకు నా మిషన్ అర్థం కాకూడదని ఎవరు నిర్ణయించారు?

దొంగ కాపీ విండోస్ వేసుకోవడం దీనికి జవాబు కాదు. అది చట్టానికి తప్పు, పైగా మనకు ఏమీ నేర్పదు. "లినక్స్ పిల్లలకు కష్టం" అనే మాట కూడా నిజం కాదు. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా పిల్లలు లినక్స్ మీదనే కంప్యూటర్ పాఠాలు చదువుతున్నారు. మన తెలుగువాళ్లలో కూడా హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగులో ఇదే పని చేస్తున్నారు.

కాబట్టి నేను అడిగేవి మూడు. తల్లిదండ్రులారా, పాత లాప్‌టాప్ కొనేముందు దుకాణంలోనే లినక్స్ పెన్ డ్రైవ్ పెట్టి వైఫై వస్తుందో లేదో చూపించమనండి. ఐదు నిమిషాల పని. గురువులారా, బడికి కంప్యూటర్లు కొనేటప్పుడు ఇదే మాట కొటేషన్‌లో రాయించండి. ఒక్కరు అడిగితే కంపెనీ వినదు, బళ్లన్నీ అడిగితే వింటుంది. మిత్రులారా, మీ లాప్‌టాప్ ఆగితే ముందు అది ఏం చెప్తుందో చదవండి.

నేను చేసినవన్నీ వరుసగా తెలుగులో ఒక నోట్‌బుక్‌లో రాసి మన బడి లైబ్రరీలో ఇచ్చాను. తప్పులుంటే దిద్దండి. మీ లాప్‌టాప్‌లో వేరే కార్డు ఉంటే దాని సంగతి కూడా కింద రాయండి. ఇంకా చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి.