అద్దె ఇళ్లు కూడా సర్కారే కట్టాలి

2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాము అంటుకుని 11 మంది బిహార్ కూలీలు చనిపోయారు. కింద అట్టలు, సీసాలు, తుక్కు. పైగదిలో వాళ్ల పడక. ఇలాంటి ప్రమాదం జరిగినప్పుడల్లా షార్ట్ సర్క్యూట్ గురించీ లైసెన్సుల గురించీ మాట్లాడుకుంటాం. గోదాములో ఎందుకు పడుకోవాల్సి వచ్చిందన్న మాట మాత్రం ఎత్తం. ఇంటికి పంపగా మిగిలిన కూలి డబ్బుకు ఈ నగరంలో గది దొరకదు. దొరికినా ముందు అడ్వాన్సు కట్టాలి.

ఆ బోయిగూడలోనే మంచి ఉదాహరణ కూడా ఉంది. ఐడీహెచ్ కాలనీలో పాడుబడ్డ ఇళ్లు తీసేసి, అక్కడే 396 డబుల్ బెడ్రూం ఇళ్లు కట్టి 2015 నవంబరులో ఇచ్చారు. ఉన్నచోటే ఇల్లొచ్చింది కాబట్టి ఎవరి పనీ, ఏ పిల్లల బడీ చెడలేదు. తర్వాత జంటనగరాలకు లక్ష ఇళ్లు అనుకునేసరికి చవక భూమి కోసం ఊరి అంచులకు పోయారు. 2023 జూన్‌లో ప్రారంభమైన కొల్లూరు కాలనీలో ఒక్కచోటే 15,660 ఇళ్లు. కానీ సికింద్రాబాద్ నుంచి అది ముప్పై కిలోమీటర్ల పైమాటే. తెల్లారకముందే మోండా మార్కెట్లో మూటలు దించాల్సిన హమాలీ అక్కడి నుంచి ఏ బస్సెక్కి రావాలి? మారేడుపల్లిలో నాలుగిళ్లలో గిన్నెలు తోమే ఆమె సంపాదనలో బస్సు ఛార్జీలకు ఎంత పోవాలి? ఆ ఇంటిని అద్దెకిచ్చి పని దగ్గర మరో గది తీసుకుందామన్నా నిబంధనలు ఒప్పుకోవు.

పేదవాడికి సొంతిల్లే భద్రత అంటారు. నిజమే, కానీ ఈ ఇళ్ల లాటరీలో పేరు వచ్చేదాకా కాపురం ఆగదు. స్థలం లేదన్న వాదనకు ఐడీహెచ్ కాలనీయే జవాబు. గట్టి అభ్యంతరం ఒకటుంది: ప్రభుత్వం అద్దెలు వసూలు చేయగలదా? రైల్వే క్వార్టర్లకైతే జీతంలోంచే పట్టుకుంటారు, కూలీకి జీతం చీటీ లేదు. అయినా ఇది సాధించలేని పని కాదు. వియన్నా నగరపాలక సంస్థ 2 లక్షలకు పైగా ఇళ్లను అద్దెకిచ్చి నడుపుతోంది. వలస కూలీలకు అద్దె ఇళ్లు కావాలని 2020లో కేంద్రమే పథకం తెచ్చింది. ఇక్కడా పాత సర్కారీ క్వార్టర్లు కూల్చి కట్టే ప్రతిచోటా మూడోవంతు ఇళ్లను పట్టా చేయకుండా అద్దెకే ఉంచాలి. అద్దె ఆ కుటుంబ ఆదాయంలో నాలుగోవంతు మించకూడదు, అడ్వాన్సు అడగకూడదు. రోజుకూలీ వారంవారం కట్టుకునేలా కాలనీలోనే వసూలు కౌంటరు పెట్టాలి.