చేను పాలిపోయినప్పుడు ఆకును పరీక్షింపవలెను

రాయదుర్గము నియోజకవర్గమున ఒకవైపు డి.హీరేహాళ్ మండలపు ఓబుళాపురము కొండలు ఇనుప ఖనిజమునకు పేరుమోసి న్యాయస్థానములదాక వివాదములను పెంచినవి. వేఱొకవైపు కణేకల్ పరిసరములలో, హగరి నది యిసుక మేటలకును, జనులు హెచ్చెల్సీ యని పిలుచు తుంగభద్ర ఎగువ కాలువకును నడుమ, సున్నపు పాలు హెచ్చైన చేను ఎక్కడ తగిలినను అక్కడ వేరుశనగ మొక్క ఇనుము చాలక లేతాకు పాలిపోయి గిడసబాఱుచున్నది. నేలలో ఇనుము లేకపోలేదు. సున్నము మిక్కుటమై క్షారగుణము ప్రబలినప్పుడు ఆ యినుము కరగక బిగిసిపోయి వేరునకు అందకుండుటయే దీనికి మూలము.

చేను పసుపుబాఱగానే రైతు సామాన్యముగా యూరియా బస్తా విప్పును. అది అతని అజ్ఞానమని తీర్పు చెప్పుటకు నా మనసొప్పదు. యూరియా అందించు నత్రజని కొఱవడినచో ముదురాకు ముందుగా వన్నె తగ్గును. ఇనుము కొఱవడినచో కొనయందలి లేతాకున ఈనెలు పచ్చగానే నిలిచి, వాని నడుమి భాగము పసుపై, లోపము ముదిరినకొలది ఆకంతయు తెల్లబడును. కాని గంధకము చాలకున్నను లేతాకే పాలిపోవును గనుక, ఎంత యనుభవజ్ఞుని కన్నైనను కొన్నివేళల మోసపోవుట సహజము. 2015 నుండి రైతులకిచ్చు భూసార పత్రములలో ఇనుము వివరము కలదు. అది మేలే, అయినను నేలయందలి యంకె మొక్క ఎంత గ్రహించినదో తెలుపజాలదు.

ఆకును ఎండబెట్టి, బూడిద చేసి, అందలి ఇనుమునంతయు లెక్కించినను చిక్కు విడదు. పాలిపోయిన ఆకులో మొత్తము ఇనుము పచ్చని ఆకుకు సమానముగా, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు ఉండుటను శాస్త్రజ్ఞులు పలుమాఱులు చూచిరి. ఆకులో జడముగా పడియున్న ఇనుము వేఱు, పత్రహరితపు నిర్మాణమునకు పనికివచ్చు ఫెర్రస్ రూపపు ఇనుము వేఱు. ఈ రెండవదానినే పట్టి కొలుచు ఉపాయమును కత్యాల్, శర్మ అను భారతీయ శాస్త్రజ్ఞులు 1980లో ప్రకటించిరి. కడిగి తుంచిన పచ్చి ఆకు రెండు గ్రాములను, ఆమ్లగుణము సరిచేసిన ఫినాంత్రోలిన్ అను రసాయనపు ద్రావణము ఇరువది మిల్లీలీటర్లలో పదునాఱు గంటలు నాననిచ్చి వడగట్టినచో, ఆ ద్రవము నారింజ కలసిన యెఱుపు దాల్చును. ఒక్కొక్క ఫెర్రస్ అయానును మూడేసి ఫినాంత్రోలిన్ అణువులు చుట్టి పట్టుకొనుటచే పుట్టిన వన్నె యది. ఇనుము హెచ్చినకొలది ఆ వన్నెయు అదే పాలున హెచ్చును. 510 నానోమీటర్ల కాంతి ఆ ద్రవమున ఎంత అణగిపోయినదో చూచి, తెలిసిన మోతాదుల ద్రావణములతో సరిపోల్చినచో ఇనుము పరిమాణము తేలును.

పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని వేరుశనగపై ప్రయోగించి, పచ్చి లేతాకు గ్రామునకు ఈ విధమున దిగు ఇనుము ఆఱు మైక్రోగ్రాములకు లోపడినచోట పాలిపోవుట కనబడునని 1987లో తెలిపిరి. మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కూడి 1925లో భాస్వరమును నీలివన్నెతో కొలుచు పద్ధతిని ప్రకటించి జగద్విఖ్యాతులైరి. వన్నెతో ధాతువును తూచు విద్య తెలుగువారికి పరాయిది కాదని చెప్పుటకే ఈ మాట.

ఈ ఆకు పరీక్షకు కావలసిన, వన్నెను కొలుచు కలరీమీటరు పలు కళాశాలల రసాయనశాలలలోనే యున్నది. లోపము ఇనుముదే యని తేలినచో మందును చవుకయే: ఎకరాకు ఒక కిలో ఇనుప లవణమైన అన్నభేదిని, రెండువందల గ్రాముల నిమ్మ ఉప్పుతో చేర్చి, రెండువందల లీటర్ల నీట కలిపి, వారము వ్యవధిలో రెండు తడవలు పిచికారి చేసిన చాలును. రోగమెఱుగక చల్లిన యూరియా ఖర్చు, అప్పుచేసి విత్తిన మెట్టరైతుకు ఇంతకంటె భారము. అయితే ఆకు పచ్చిగానుండగనే పరీక్షకు చేరవలెను. వాడి, రోజులు గడచి, దూరపు పట్టణమునకు పోయిన ఆకు చెప్పు లెక్క నమ్మదగినది కాదు. కావున ఈ పని చేనికి చేరువ ప్రయోగశాలలోనే జరుగవలెను.

నియోజకవర్గములలో వ్యవసాయ పరీక్షాశాలలు వెలసి, విత్తనములను ఎరువులను పరీక్షించుచున్న ఈ కాలమున, వానిలో ఆకు పరీక్షకును ఒక బల్లను, ఒక మనిషిని కేటాయించుట ప్రభుత్వమునకు పెద్ద వ్యయము కాదు. ముంగారు విత్తనము మొలచి లేతాకు విప్పుకొను నాటికే ఈ యేర్పాటు కణేకల్ రైతుకు అందుబాటులో నుండునట్లు చూడవలసినదిగా వ్యవసాయ శాఖవారిని అభ్యర్థించుచున్నాను. రైతు సోదరులును, చేను పాలిపోయినప్పుడు యూరియాకు పరుగిడుటకు ముందు, కొనయందలి లేతాకులను తడిగుడ్డలో చుట్టి తెచ్చి పరీక్ష చేయుడని అడుగవలెను.